నవమినాడు తీసిన వైరు

తెర మీద కొరికిన పండు బొమ్మ వచ్చింది. దాని కింద సన్నని గీత సగం వరకు నిండి, అక్కడే నిలబడిపోయింది. కాసేపటికి పండు మాయమై, అడ్డగీత గీసిన గుండ్రని గుర్తు వచ్చింది. రోడ్డు మలుపుల్లో బండ్లను వెనక్కి పంపే గుర్తు లాంటిదే. సెలీనా మీట నొక్కి మిషన్ ఆపింది. ఫాను చప్పుడు పూర్తిగా తగ్గేవరకు ఆగి, మళ్లీ నొక్కింది. మళ్లీ పండు, మళ్లీ సగం గీత, మళ్లీ అదే గుర్తు.

అది దసరా మరునాడు, శుక్రవారం ఉదయం. మాదాపూర్‌లో మెట్రో దారి వెనక సందులో, ఒక మేడ ఇంటి కింది భాగంలో ఉన్న వీడియో స్టూడియో. పైభాగంలో యజమాని గిరీష్, అతని తల్లి ఈశ్వరమ్మ ఉంటారు. కడప నుంచి వచ్చి ఎన్నేళ్లయినా వారి మాటలో ఆ సీమ పలుకు పోలేదు. స్టూడియోలో సెలీనా ఎడిటర్. కెమెరా, ఆఫీసు వ్యవహారాలు రెండూ ప్రవీణ్ చూస్తాడు.

మొరాయించిన ఆ మిషన్‌ను గిరీష్ బయటివాళ్ల ఎదుట "మా మ్యాక్" అంటాడు. నిజానికి అది కంపెనీ మ్యాక్ కాదు. విడిభాగాలు కొని మామూలు డెస్క్‌టాప్‌లా బిగించి, దాని మీద మ్యాక్ సాఫ్ట్‌వేర్ నడిచేటట్లు హేమంత్ అనే పాత ఉద్యోగి కూర్చిపెట్టిన పెట్టె. తాను పుట్టింటి మిషన్‌లోనే ఉన్నానని ఆ సాఫ్ట్‌వేర్‌ను నమ్మించడానికి లోపలి సెట్టింగులు ఎన్నో మార్చవలసి వచ్చింది. వాటిలో ఏ ఒక్కటి తప్పినా నమ్మకం చెడుతుంది, పండు సగంలో ఆగిపోతుంది. ఈ సంగతి స్టూడియోలో అందరికీ తెలుసు, బయట ఎవరికీ తెలియదు. కనుక మిషన్ చెడిపోతే కంపెనీ సర్వీసు వాళ్లను పిలిచే దారి కూడా లేదు.

"ఏమైందమ్మా?" గిరీష్ కాఫీ గ్లాసుతో వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

"బూట్ అవ్వట్లేదు సార్. మంగళవారం సాయంత్రం నేను షట్‌డౌన్ చేసినప్పుడు బాగానే ఉంది."

"అప్‌డేట్ ఏమన్నా కొట్టినావా?"

"లేదండి. ఈ మిషన్లో అప్‌డేట్ కొడితే ఏమవుతుందో నాకు తెలుసు కదా."

"తెలీకుండా చెయ్యి తగిలుంటాది."

"తెలియకుండా తగలదండి. పాస్‌వర్డ్ అడుగుతుంది."

అంతలో గిరీష్ ఫోను మోగింది. పేరు చూసి, ఎప్పటిలాగే స్పీకర్ పెట్టాడు. క్లయింట్లతో తాను మాట్లాడే తీరు పదిమంది వినాలని అతనికి ఉంటుంది. ఫోను చేసినవారు నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ జ్ఞానప్రకాశంగారు. సూదిమందు ఇవ్వడం నుంచి కాలిన గాయాలకు కట్టు కట్టడం వరకు విద్యార్థినులకు నేర్పే వీడియో పాఠాలు ఆ కాలేజీ కోసమే తయారవుతున్నాయి. సోమవారం ఆయన చూడటానికి రావాలి. ఆయన సెలీనా వాళ్ల చర్చిలో పెద్ద. ఆమె పని చూసే ఈ స్టూడియోకు వచ్చారు.

"సార్, నమస్తే. చిన్న ఇబ్బందొచ్చింది సార్. మా ఎడిటరు, మీ సెలీనానే సార్, అడక్కుండా అప్‌డేట్ కొట్టేసింది. మ్యాక్ మిషన్లు కదా సార్, శానా సున్నితం. లేదు లేదు, కంపెనీ వాళ్లతో మాట్లాడతాండా. సోమవారానికి సిద్ధం చేస్తాం."

"సెలీనానా? ఆ అమ్మాయి చాలా జాగ్రత్త మనిషే," అన్నారు ఆయన నెమ్మదిగా. "సరే, చూడండి."

గిరీష్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. సెలీనా కుర్చీలోంచి లేచింది.

"సార్, నేను అప్‌డేట్ చెయ్యలేదని ఇప్పుడే చెప్పాను."

"తెలుసులేమ్మా. ఏదో ఒకటి చెప్పాల కదా. ఆయన మీవాడే. నీ పేరు చెప్తే కోప్పడడు. నా పేరు చెప్తే కాంట్రాక్టు పాయె." కాఫీలో మిగిలిన గుక్క తాగి, గ్లాసు ఆమె కీబోర్డు పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

గ్లాసు అడుగున తడి ఉంది. అది బల్ల మీద గుండ్రటి మరకగా దిగింది. సెలీనాకు కోపం వస్తే చేతులు చల్లబడతాయి, మాట మరింత మెల్లనవుతుంది. అందువల్ల ఆమె కోపం సాధారణంగా ఎవరికీ తెలియదు. అబద్ధం చెప్పినందుకు వచ్చిన కోపం ఒక పాలు. ఆ అబద్ధాన్ని ఆనించడానికి తన భుజమే అనువుగా ఉందని అంత తేలికగా లెక్క వేసినందుకు వచ్చిన కోపం మూడు పాళ్లు.

"ఊకో సెలీనా, సార్ మాటలు గట్లనే ఉంటయి," అన్నాడు ప్రవీణ్ గ్లాసు తీసేస్తూ. "పరేషాన్ గాకు. జర మిషన్ నడిపియ్యరాదు, అన్నీ సర్దుకుంటయి."

"నడిపిస్తాను," అంది సెలీనా. "ఎందుకు ఆగిందో కూడా కనుక్కుంటాను."

శనివారం ఉదయం ఆమె పెట్టె పక్క రేకు విప్పింది. స్క్రూలను ఒక మూతలో వేసి, ఫోను దీపం వెలిగించి లోపలికి చూసింది. ఏ భాగం మీద అనుమానం ఉందో ఆ ఒక్కదాన్నే కదిలించాలి, మిగిలినవాటిని ఉన్నవున్నట్లు ఉంచాలి, ప్రతిసారీ మీట నొక్కి ఫలితం చూడాలి. ఒకేసారి రెండు మారిస్తే, ఏది మందో ఏది రోగమో తెలియదు. ఎడిటింగ్‌లో శబ్దం తప్పినప్పుడు ఆమె పాటించే పద్ధతే ఇది.

మెమరీ కార్డులు తీసి, వాటి బంగారు అంచులను రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించింది. అదే గుర్తు. గ్రాఫిక్స్ కార్డు ఊడదీసి, దుమ్ము తుడిచి, టక్కుమని కూర్చునేదాకా నొక్కింది. అదే గుర్తు. డిస్క్ తీగలు మార్చింది. పండు వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టి, గీత సగంలో ఆగినప్పుడల్లా వదిలింది. మధ్యాహ్నానికి మోచేతుల దాకా దుమ్ము పట్టింది, కారణం మాత్రం దొరకలేదు. చివరికి హేమంత్‌కు ఫోను చేసింది. అతను గిరీష్‌తో మాటామాటా పెరిగి మానేసి, గోపన్‌పల్లిలో ఇంటి నుంచే పనిచేసుకుంటున్నాడు.

"ఆ పెట్టె ఇంకా బతికే ఉందా?" హేమంత్ పకపకా నవ్వాడు. "సెలీనాగారూ, అది మ్యూజియంలో పెట్టాల్సిన సరుకండీ. ఇన్నేళ్లు నడవడమే ఎక్కువ."

"నవ్వు తర్వాత హేమంత్‌గారూ. పండు వస్తుంది, సగంలో ఆగుతుంది. ఏం చూడమంటారు?"

"లోపలేమీ విప్పకండి."

"అన్నీ విప్పేశాను."

"అయ్యో. సరే, ఆన్ చెయ్యగానే డిలీట్ నొక్కి సెట్టింగుల్లోకి వెళ్లండి. తేదీ ఎంత చూపిస్తోంది?"

నీలి తెర వచ్చింది. పై మూల చూసి సెలీనా కళ్లు చిట్లించింది. "రెండు వేల పందొమ్మిది, జనవరి ఒకటి."

హేమంత్ ఈసారి నవ్వలేదు. "దొరికింది. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది చూడండి. అది చచ్చిపోయింది. సెట్టింగులు గుర్తుంచుకునేది దాని బలంతోనే. ఇప్పుడవన్నీ మర్చిపోయి, మిషన్ కొన్న రోజుకి వెళ్లిపోయింది."

"మరి మంగళవారం ఎలా పనిచేసింది?"

"బ్యాటరీ ఎప్పుడో పోయుంటుంది. కరెంటు వైరు ఉన్నంతకాలం ఆఫ్ చేసినా లోపలికి సన్నగా కరెంటు అందుతూనే ఉంటుంది, గుర్తుంటుంది. వైరు పీకితే గుర్తుండదు. ఆ మిషన్‌ను యూపీఎస్ మీద పెట్టింది నేను. ఎవరూ పీకరు కదా అనుకున్నా. ఎవరు పీకారు?"

సెలీనా ఫోను బల్ల మీద పెట్టి, పెట్టెను తన వైపుకు తిప్పింది. వెనక, కరెంటు వైరు దూరే గాడి పక్కన పసుపు. పసుపు మీద కుంకుమ బొట్టు. వైరు బిగించి ఉండగా వేలు అక్కడికి పోదు.

"ప్రవీణ్," అంది తల తిప్పకుండా. "నవమినాడు ఈ మిషన్ ఎక్కడుంది?"

ప్రవీణ్ ట్రైపాడ్ సర్దుతున్నాడు. "ఎక్కడేంది? ఆయుధపూజ గదా. పైకి తీస్కపోయి అమ్మోరి ముంగట పెట్టినం. అవ్వ చెప్పింది, అన్నం బెట్టే మిషన్‌ని కింద బెట్టి పూజ ఏందిరా అని. తడిగుడ్డతోని తుడిచి, బొట్లు బెట్టి, బంతిపూల దండేసినం. నువ్వు గా రోజు సెలవు గదా."

"వైరు?"

"వైరుతోని ఎట్ల మోస్త? పీకిన."

"మళ్లీ ఎప్పుడు తెచ్చారు?"

"పూజల బెట్టినంక దశమి దాంక ముట్టొద్దన్నది అవ్వ. దశమి సాయంత్రం కిందికి తెచ్చి వైర్లు పెట్టిన." అతని చేతులు ఆగాయి. "ఏందీ? గందుకే పోయిందా? నాకేం ఎరుక గిట్లయితదని!"

"నీ తప్పు లేదు. పూజదీ తప్పు కాదు," అంది సెలీనా. "బ్యాటరీ చచ్చిందని ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు నిన్నటి కోపం ఇంకా స్పష్టపడింది. తప్పు ఎవరిదీ కాదు. అయినా అది ఒకరికి అంటగట్టబడింది.

సందు చివరి గడియారాల కొట్లో కొత్త బ్యాటరీ తెచ్చి, పాతదాన్ని చిన్న స్క్రూడ్రైవర్‌తో పైకి లేపి తీసి, దాని చోట బిగించింది. హేమంత్ ఫోనులో ఒక్కొక్క సెట్టింగు చెబుతుంటే ఆమె ఒక్కొక్కటే మార్చి, తిరిగి చదివి వినిపించింది. డిస్క్ విషయంలో మార్చవలసినది ఒకటి హేమంతే మరచిపోయాడు. గీత మళ్లీ సగంలో ఆగినప్పుడు ఇద్దరూ మొదటి నుంచి మళ్లీ చూసుకుంటూ వచ్చి దాన్ని పట్టుకున్నారు. ఆ తర్వాత పండు కింది గీత సగం దాటింది, చివరిదాకా నిండింది. రెండు నెలల పని ఎక్కడిదక్కడ తెర మీదికి వచ్చింది. ప్రవీణ్ ఈల వేశాడు.

ఈల విని గిరీష్ కిందికి దిగాడు. "నే చెప్పలా? మా సెలీనా అంటే ఏమనుకున్నారు!"

సెలీనా అతనికి తేదీ నుంచి పసుపు దాకా వరసగా చెప్పి, పాత బ్యాటరీ అరచేతిలో చూపించింది. "జ్ఞానప్రకాశంగారికి ఫోను చేసి ఈ సంగతి చెప్పండి సార్. నేను అప్‌డేట్ చెయ్యలేదని చెప్పండి."

"అయిపోయింది కదమ్మా. ఇంగ ఏంటికి?"

"మీకు అయిపోయిందండి. నాకు అవ్వలేదు."

గిరీష్ ప్రవీణ్‌ను బయటికి పొమ్మన్నట్లు చూశాడు. ప్రవీణ్ వెళ్లాక కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు. "ఏమని చెప్పాల? వైరు పీకితే మ్యాక్ ఆగిపాయెనని చెప్పాల్నా? కంపెనీ మ్యాక్‌కు వైరు పీకితే ఏమీ కాదు. ఆయన దగ్గర కాలేజీ నిండా మ్యాక్‌లే. ఆయన అడుగుతాడు. అప్పుడు ఈ పెట్టె సంగతి కూడా చెప్పాల. అప్పుడు కాంట్రాక్టు ఉంటాదా? నీ జీతం యాడుంటాది?"

"నా పేరు ఎక్కడుంటుందండి?"

"నీ పేరుకేమాయె? చిన్న పొరపాటు. ఎవురు చెయ్యరు?"

"నేను చెయ్యలేదండి."

"అబ్బా! మళ్లా అదే మాట." అతను లేచాడు. "సోమవారం ఆఫీసులో అందరి ముందర చప్పట్లు కొట్టిస్తా. చాలా?"

సెలీనా పాత బ్యాటరీని బల్ల సొరుగులో వేసింది. అతను అడ్డుపెట్టుకున్న గోడ ఆమెకు ఇప్పుడు రాయి రాయిగా కనిపించింది. మిషన్ గురించి చెప్పిన మొదటి అబద్ధాన్ని కాపాడటానికి ఆమె గురించి రెండో అబద్ధం పుట్టింది. ఆమె నిర్దోషి అని ఒప్పుకుంటే మిషన్ పుట్టుక బయటపడుతుంది. మిషన్ పుట్టుక దాచాలంటే ఆమె దోషిగా ఉండాలి. ఆ పెట్టె నడుస్తున్నంతకాలం ఆమె తప్పు కూడా నడుస్తూ ఉంటుంది.

ఆదివారం ఉదయం ఆమె చర్చికి పోలేదు. ఆగిపోయిన వీడియోలు సోమవారానికి బయటికి తీయాలంటే ఆఫీసుకు రాక తప్పలేదు. మధ్యాహ్నం తెల్లాపూర్‌లోని ఇంటికి చేరేసరికి తల్లి మరియమ్మ చర్చి చీర మార్చకుండానే వంటింటి గట్టు దగ్గర నిలబడి ఉంది.

"అడక్కుండా ఎందుకు చేశావే ఆ పని?" అంది.

సెలీనా చెప్పులు విప్పుతూ ఆగింది. "ఏ పని?"

"అప్‌డేటో ఏదో. ప్రార్థనయ్యాక ప్రకాశంగారు నన్ను పక్కకి పిలిచారు. 'పిల్లను మందలించకండి, కంగారుపడుతుంది' అని మంచిగానే చెప్పారు. నాకే తల కొట్టేసినట్టయింది."

"నువ్వేమన్నావమ్మా?"

"నేనేమంటాను? మా అమ్మాయి తరఫున క్షమించండి సార్ అన్నాను."

మరియమ్మ ముప్పై ఏళ్లు ఆసుపత్రి వార్డులో పనిచేసిన మనిషి. పెద్ద డాక్టరు తప్పు మందు రాస్తే, ఆ చీటీ తిరిగి ఆయన చేతికిచ్చి, మళ్లీ రాసేదాకా కదలని మనిషి. ఆవిడ చర్చి గుమ్మంలో నిలబడి, జరగని తప్పుకు తల వంచింది. సెలీనా సంగతంతా చెప్పింది. తల్లి నమ్మింది. నమ్మిన వెంటనే ఆవిడ ముఖంలో రెండోసారి, వేరే రకంగా, రంగు మారింది.

"మరి ఆయనకు చెప్పావా?"

"నేను చెబితే తప్పించుకోవడానికి చెప్పినట్టుంటుందమ్మా. తెలిసినవాళ్లు చెప్పాలి."

"ఎవరు చెబుతారు?"

సెలీనా అన్నం ముందు కూర్చుంది కాని కలపలేదు.

సోమవారం జ్ఞానప్రకాశంగారు చెప్పిన వేళకే వచ్చారు. తెల్ల చొక్కా, చేతిలో మడిచిన గొడుగు. రాకముందు ప్రవీణ్ సెలీనా చెవిలో అన్నాడు: "ఇయ్యాల ఏం లొల్లి పెట్టకు. కంపెనీ మునిగితే అందరం మునుగుతం. ఇంట్ల కిరాయి నేనే కట్టాలె." ఆమె తల ఊపింది. అతని మాటలో అబద్ధం లేదు. ఆ భయం ఆమెకూ ఉంది.

పాఠాలు వరసగా తెర మీద నడిచాయి. కట్టు కట్టే నర్సు చేతులు, చేతుల మీద వెలుగు, ఎక్కడ ఆగి మళ్లీ చూపించాలో అక్కడ ఆగడం. ఆయన మధ్యలో ఒక్కమాట మాట్లాడకుండా చూశారు. చివర "బాగుంది, చాలా బాగుంది," అని గిరీష్ చేయి పట్టుకున్నారు. గిరీష్ ముఖం విప్పారింది. అప్పుడే ఈశ్వరమ్మ పై నుంచి ఓళిగలు, అంటే బొబ్బట్లు, పేర్చిన పళ్లెంతో మెట్లు దిగి వచ్చింది. "తినండయ్యా, పండగవి. నెయ్యి తక్కువైందంటే చెప్పండి, పైన ఇంకా ఉంది," అంటూ పళ్లెం ఆయన ముందు పెట్టింది.

ఆయన ఒక ఓళిగ తీసుకుని, సెలీనా వైపు తిరిగారు. అందరూ వినేలాగే, ఆదరంగా అన్నారు. "అమ్మా సెలీనా, మొన్న జరిగినదానికి నువ్వేమీ మనసులో పెట్టుకోకు. మీ అమ్మకూ చెప్పాను. తొందరలో పొరపాటు ఎవరైనా చేస్తారు. నేనైతే అప్పుడే మన్నించేశాను."

గిరీష్ చిరునవ్వు నవ్వాడు. ప్రవీణ్ నేల చూశాడు.

సెలీనా చేతులు మంచుగడ్డలయ్యాయి. తిడితే తట్టుకోవచ్చు. తిట్టుకు ఎదురుమాట ఉంటుంది. మన్నింపుకు ఎదురు చెప్పడానికి లోకంలో మర్యాదైన మాట ఒక్కటీ లేదు. దాన్ని తీసుకుంటే తప్పు తనదే అవుతుంది. ఆమె ఆ తెల్ల చొక్కా వైపు చూసింది, గిరీష్ నవ్వు వైపు చూసింది, పళ్లెం పట్టుకున్న ముసలావిడ వైపు చూసింది. ఆ గదిలో వైరు సంగతి తెలిసి, ఏమీ దాచవలసిన అవసరం లేని మనిషి ఆవిడ ఒక్కతే.

"అవ్వా," అంది సెలీనా. గొంతు ఎప్పటికంటే మెల్లగా వచ్చింది కాని అందరికీ వినిపించింది. "నవమినాడు పూజలో మిషన్ పెట్టారు కదా. దాని వైరు ఎవరు తీయించారు?"

"నేనే తీపిస్తి," అంది ఈశ్వరమ్మ వెంటనే. "ఏంటికమ్మీ?"

"ఎన్నాళ్లుంచారు అలా?"

"దశమి దాకా. పూజలో పెట్టినాక ముట్టరాదు కదా." ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఏమిరా, అందుకే చెడిపాయెనంట కదా! ప్రవీణ్ చెప్పె. నాకు తెలీకపాయె. తెలిసింటే పటం తెచ్చి ఈడనే పెడ్తాంటి. సామీ, ఈ పిల్ల ఏం పొరపాటు చేసిందంటాండారు మీరు? వైరు పీకించింది నేను. అనేదుంటే నన్ననండి."

"మా, నువ్వు పైకి పో," అన్నాడు గిరీష్.

"ఏంటికి పోవాల? ఆయన పిల్లను అంటాంటే ఇనుకుంటా పోవాల్నా?"

జ్ఞానప్రకాశంగారు కొరకబోయిన ఓళిగను పళ్లెంలో పెట్టారు. ఆయన ముందు సెలీనాను చూశారు, చాలాసేపు. తర్వాత గిరీష్‌ను.

"మా కాలేజీలో మ్యాక్‌లు వేసవి సెలవుల్లో రెండు నెలలు వైర్లు పీకి బీరువాల్లో పెడతామండి," అన్నారు. "జూన్‌లో తీసి పెడితే నడుస్తాయి. రెండు రోజులకు మీ మ్యాక్ ఎందుకు ఆగింది?"

గిరీష్ వెంటనే సెలీనా వైపు చూశాడు. ఆమె ఆ చూపును గుర్తుపట్టింది. శుక్రవారం నుంచి ఆమె ఇతరుల వైపు చూసిన చూపు అదే. ఒక్క మాట చెప్పు, నాకు అడ్డంగా నిలబడు అని అడిగే చూపు. ఆమె చెప్పగలదు. విద్యుత్తు హెచ్చుతగ్గులని, పాత మోడల్ అని, ఈ గదిలో ఎవరికీ అర్థంకాని నాలుగు మాటలు నమ్మకంగా చెప్పగలదు. ఆమె చెబితే ఆయన నమ్ముతారు కూడా. ఎందుకంటే ఇప్పుడు ఆమె మాటకు మళ్లీ విలువ వచ్చింది.

"నువ్వు చెప్పమ్మా సెలీనా," అన్నాడు గిరీష్. 'అమ్మా' అనే పిలుపు అతని నోట ఇంత మెత్తగా ఆమె ఎన్నడూ వినలేదు.

"గిరీష్‌గారు చెబుతారండి," అంది ఆమె జ్ఞానప్రకాశంగారితో. "మిషన్ ఆయనది."

ఈశ్వరమ్మ పళ్లెం బల్ల మీద పెట్టి కొడుకు ముఖంలోకి చూస్తూ నిలబడింది. జ్ఞానప్రకాశంగారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని, తొందరేమీ లేనట్లు కుర్చీలో వెనక్కి వాలారు. సెలీనా తన కుర్చీ పక్కకు జరిపి, మిషన్ ఎదుట గిరీష్‌కు చోటిచ్చింది.